కిట్ కారుకు తక్కువ ఖర్చులో డిజిటల్ డాష్: ఏ ఇంజిన్‌కు ఏది నప్పుతుంది

కిట్ కారుకు (విడిభాగాలు తెచ్చి సొంతంగా కూర్చుకునే కారు) డాష్, అంటే వేగం, ఆర్‌పీఎం లాంటివి చూపే మీటర్ల పలక, ఎంచుకునేటప్పుడు చాలామంది స్క్రీన్ చూసి మొదలుపెడతారు. గుండ్రటి సూది బొమ్మలు, రంగురంగుల బార్లు బాగున్నాయనిపించగానే ఆర్డర్ పెట్టేస్తారు. తీరా వైర్లు కలిపేటప్పుడు తెలుస్తుంది, ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే ఫ్లోట్ ఇచ్చే ఓమ్‌లు ఆ మీటరుకు తలకిందులని, ఇంజిన్‌కు ప్లగ్గు వైర్లే లేవు కాబట్టి ఆర్‌పీఎం పట్టుకునే దారి లేదని. స్క్రీన్ సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు తేలాల్సింది ఇంజిన్ నుంచి ఏ సిగ్నళ్లు వస్తున్నాయి, ఏ రూపంలో వస్తున్నాయి అన్నది. అది తేలిపోతే సగం డాష్‌లు లిస్టులోంచి వాటంతటవే పోతాయి.

కాగితం మీద వరుసగా రాయండి: వేగం, ఆర్‌పీఎం, కూలెంట్ టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్, పెట్రోలు, బ్యాటరీ వోల్టేజీ. ఒక్కోదాని ఎదురుగా సెన్సర్ ఇప్పటికే ఉందా, ఉంటే దాని అవుట్‌పుట్ ఓమ్‌లా, వోల్టులా, పల్సులా, లేక ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) నుంచి డేటాగా వస్తుందా అని నింపండి. కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత ఇంజిన్‌కు అన్నీ విడి సెన్సర్లే. కంపెనీ ఈసీయూతో సహా దిగిన ఇంజెక్షన్ ఇంజిన్‌కు చాలా సమాచారం ఓబీడీ సాకెట్ (మెకానిక్ స్కానర్ గుచ్చే చోటు) దగ్గర దొరుకుతుంది. మెగాస్క్విర్ట్, స్పీడ్యువినో, రస్‌ఈఎఫ్‌ఐ లాంటి ఆఫ్టర్‌మార్కెట్ ఈసీయూ ఉంటే క్యాన్ (పెట్టెల మధ్య డేటా మోసే రెండు వైర్ల లైను) మీదో సీరియల్ మీదో దాదాపు అన్నీ వచ్చేస్తాయి. బైక్ ఇంజిన్ వేసినవాళ్ల దారి వేరు, అది కింద ఉంది.

మోటార్‌సైకిల్ ఎల్‌సీడీ మీటరు

పాత ఇంజిన్ ఉన్నవాళ్లకు మా మొదటి ఓటు దీనికే. ‘యూనివర్సల్ మోటార్‌సైకిల్ మీటర్’ పేరుతో అమ్మేవి అన్నిటికన్నా చవక. కోసో, ఏస్‌వెల్ లాంటి తైవాన్ కంపెనీలవి ధర కాస్త ఎక్కువ, కానీ సెట్టింగులు ఎక్కువ ఉంటాయి, సూచనల పుస్తకం చదివితే అర్థమవుతుంది. తాళం తిప్పగానే వెలుగుతాయి, తడిసినా పనిచేసేలా తయారైనవి, ఓడోమీటరు లోపలే ఉంటుంది. పైకప్పు లేని కారుకు ఈ మూడూ పెద్ద విషయాలు.

చిక్కంతా ఇన్‌పుట్ల దగ్గరే. ముందు ఆర్‌పీఎం. మీటరులో సిలిండర్ల సంఖ్య అడుగుతుంది గానీ, అసలు లెక్క క్రాంక్ ఒక చుట్టు తిరిగితే ఎన్ని పల్సులు వస్తాయన్నది. నాలుగు సిలిండర్ల డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్‌లో కాయిల్ నెగటివ్ దగ్గర చుట్టుకు 2 వస్తాయి. వేస్టెడ్ స్పార్క్ ప్యాక్‌లో (ఒక కాయిల్ రెండు ప్లగ్గులకు పనిచేసే రకం) ఒక్కో కాయిల్ దగ్గర 1. ప్లగ్గు మీద కూర్చునే విడి కాయిల్ అయితే రెండు చుట్లకు 1, అంటే చుట్టుకు 0.5. ఈ చివరి సెట్టింగ్ చాలా చవక మీటర్లలో ఉండదు. దాన్ని 1 మీద పెడితే ఇంజిన్ 2000 తిరుగుతున్నప్పుడు మీటరు 1000 చూపిస్తుంది.

కాయిల్ నెగటివ్ వైరు 12 వోల్టుల వైరనుకుని నేరుగా తగిలించకండి. కాయిల్ ఆఫ్ అయిన ప్రతిసారీ అక్కడ 300 నుంచి 400 వోల్టుల దెబ్బ వస్తుంది. ప్లగ్గు వైరు చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టమని చెప్పే మీటర్ల ఇన్‌పుట్ దీన్ని తట్టుకోదు. వరుసలో 10 కిలోఓమ్, 1 వాట్ రెసిస్టర్ వేయాలి. ఈసీయూకు టాకో అవుట్‌పుట్ (ఆర్‌పీఎం పల్సులిచ్చే వైరు) ఉంటే అదే మంచి దారి. అయితే అది ఎక్కువగా ఓపెన్ కలెక్టర్ రకం, అంటే వైరును ఎర్త్‌కు కలుపుతుందే గానీ తానుగా వోల్టేజీ ఇవ్వదు. దాని నుంచి ఇగ్నిషన్ 12 వోల్టులకు 1 కిలోఓమ్ నుంచి 4.7 కిలోఓమ్ లోపు పుల్-అప్ రెసిస్టర్ కట్టకపోతే సిగ్నలే పుట్టదు. ‘మీటరు పాడైపోయి వచ్చింది’ అని తిప్పి పంపేవాటిలో చాలావరకు జబ్బు ఇదే.

తర్వాత పెట్రోలు. ఈ మీటర్లు 100 ఓమ్ లేదా 510 ఓమ్ ఫ్లోట్‌కు తయారైనవి, ఖాళీ ట్యాంకుకు ఓమ్‌లు ఎక్కువ, నిండుకు తక్కువ. కార్ల ఫ్లోట్లు రకరకాలు. అమెరికా ఆఫ్టర్‌మార్కెట్ రకం ఖాళీకి 240, నిండుకు 33 ఓమ్‌లు. వీడీఓ రకం ఖాళీకి 10, నిండుకు 180, అంటే మీటరుకు పూర్తిగా వ్యతిరేకం. మొదటి రకాన్ని దారికి తేవచ్చు. ఫ్లోట్‌కు సమాంతరంగా 180 ఓమ్ రెసిస్టర్ కడితే 240 కాస్తా 103 అవుతుంది, 33 కాస్తా 28 అవుతుంది. మీటరు స్కేలు 100 నుంచి 10 వరకు అనుకుంటే నిండు ట్యాంకు అయిదు గీతల్లో నాలుగే చూపిస్తుంది, ఖాళీ మాత్రం ఖాళీగానే చూపిస్తుంది. రోడ్డు మీద ఆగిపోకుండా ఉండటానికి అది చాలు. రెండో రకానికి ఏ రెసిస్టరూ పనికిరాదు. ఫ్లోట్ చెయ్యిని తిప్పి బిగించే వీలుందో చూడండి, లేదంటే ఫ్లోటే మార్చాలి.

ఆయిల్ ప్రెషర్ ఈ తరగతిలో చాలావాటిలో అసలు ఉండదు, మహా అయితే ఒక దీపం ఉంటుంది. ప్రెషర్ అంకె కావాలంటే విడిగా ఒక చిన్న మీటరు పెట్టుకోవాలి. వేగం సెన్సర్ ఒకే అయస్కాంతంతో వస్తే ఏమవుతుందో చివర్లో స్పీడోమీటరు లెక్కలో చెప్తాం.

బైక్ ఇంజిన్ అయితే

డోనర్ బైక్ (ఇంజిన్ ఏ బైక్ నుంచి వచ్చిందో అది) మీటరును, దాని వైరింగును, తాళాన్ని కలిపి తీసుకోవడమే తేలిక. ఆర్‌పీఎం, టెంపరేచర్, న్యూట్రల్ దీపం అన్నీ ఉన్నవి ఉన్నట్టు పనిచేస్తాయి. తాళం లేకుండా మీటరు, ఈసీయూ విడివిడిగా కొనకండి, ఇమ్మొబిలైజర్ (అసలు తాళాన్ని గుర్తిస్తేనే స్టార్ట్ కానిచ్చే ఏర్పాటు) ఉన్న మోడళ్లలో ఇంజిన్ స్టార్ట్ అవ్వదు. మారేది వేగం ఒక్కటే. బైక్ గేర్‌బాక్స్ దగ్గరి నుంచి తీసే పల్సులు కారు డిఫ్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) నిష్పత్తికీ టైరుకూ సరిపోవు. సెన్సర్ వైరులో పల్సులను సరిచేసే చిన్న కాలిబ్రేటర్ పెట్టె కట్టాలి.

ఓబీడీ డిస్‌ప్లే

సాకెట్‌లో గుచ్చితే చాలు, సెన్సర్ల బాధ లేదు. వినడానికి బాగుంటుంది, కానీ దీన్ని ఏకైక డాష్‌గా పెట్టడం మేము సిఫారసు చేయం. కారణం డేటా వచ్చే వేగం. ఓబీడీలో డిస్‌ప్లే ఒక్కో విలువను అడుగుతుంది, ఈసీయూ జవాబిస్తుంది, తర్వాత ఇంకోటి అడుగుతుంది. పాత కే-లైన్ (ఒకే వైరు మీద నెమ్మదిగా మాట్లాడే పద్ధతి) ఈసీయూలకు సెకనుకు అయిదారు ప్రశ్నలకు మించి కుదరదు. ఆర్‌పీఎం, వేగం, టెంపరేచర్, వోల్టేజీ నాలుగూ అడిగితే ఒక్కోటి సెకనుకు ఒకసారే మారుతుంది. గేరు మార్చేలోపు ఆర్‌పీఎం పాతబడిపోతుంది. క్యాన్ ఉన్న ఈసీయూలు దీనికన్నా చాలా మేలు. సాకెట్‌లో 6, 14 పిన్నుల్లో వైర్లుంటే క్యాన్, 7లో మాత్రమే ఉంటే కే-లైన్ అని సులువుగా పోల్చుకోవచ్చు.

ఇంకో రెండు లోపాలు. ఆయిల్ ప్రెషర్‌కు ఓబీడీ ప్రామాణిక జాబితాలో చోటే లేదు. పెట్రోలు మట్టానికి ఉంది గానీ, చాలా కార్లలో ఆ ఫ్లోట్ ఈసీయూకు కాక మీటర్ల పెట్టెకు కలిసి ఉంటుంది. కిట్ కారులో ఆ పెట్టె ఉండదు కాబట్టి ఆ విలువ కూడా రాదు. చక్రాల వేగం ఏబీఎస్ పెట్టె నుంచి వచ్చే కారైతే, ఏబీఎస్ తీసేసిన కిట్ కారులో వేగం కూడా సున్నాయే. పైగా 16వ పిన్నుకు కరెంటు తాళం తీసినా ఉంటుంది. నెలల తరబడి షెడ్డులో ఉండే కారుకు ఆ డిస్‌ప్లే నిద్రపోకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఈ పిన్నును ఇగ్నిషన్ ఫీడుకు మార్చుకోండి.

ట్యాబ్లెట్, రాస్ప్‌బెర్రీ పై

రియల్‌డాష్ లాంటి యాప్‌తో ట్యాబ్లెట్ మీద అందమైన డాష్ ఒక సాయంత్రంలో తయారవుతుంది. ట్యూనింగ్ చేసేటప్పుడు చూసుకునే రెండో స్క్రీన్‌గా బ్రహ్మాండం. డాష్‌గా మాత్రం కాదు. ఎండలో నిలిపిన కారులో ట్యాబ్లెట్ వేడెక్కి వెలుతురు తగ్గించుకుంటుంది, ఆ పైన ఆగిపోతుంది, లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. బ్లూటూత్ తెగినప్పుడు కొన్ని యాప్‌లు చివరి అంకెనే చూపిస్తూ కూర్చుంటాయి.

రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) వేడి విషయంలో నయం, కానీ మామూలు సెటప్‌లో తాళం తిప్పాక స్క్రీన్ వచ్చేసరికి 20 నుంచి 40 సెకన్లు పడుతుంది. తాళం తీయగానే కరెంటు పోతే ఎస్‌డీ కార్డులో ఫైళ్లు చెడిపోతాయి. కార్డు చెడిపోవడానికి మందు ఉంది: ఫైల్ సిస్టమ్‌ను రీడ్-ఓన్లీగా పెట్టడం, తాళం తీశాక రాస్ప్‌బెర్రీ పైని సరిగ్గా మూసి ఆ తర్వాతే కరెంటు కోసే సర్క్యూట్ కట్టడం. ఈ పనులన్నీ చేసేసరికి దీని చవకతనం కరిగిపోతుంది.

మైక్రోకంట్రోలర్‌తో సొంత డాష్

ఆఫ్టర్‌మార్కెట్ ఈసీయూ ఉండి, సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లకు అన్నిటికన్నా గిట్టుబాటు ఇదే. ఈఎస్‌పీ32 లేదా ఆర్డ్యునో, ఒక క్యాన్ మాడ్యూల్, నెక్స్‌టియన్ లాంటి సీరియల్ డిస్‌ప్లే, అంతే సరంజామా. ఒకటి రెండు సెకన్లలో స్క్రీన్ వస్తుంది. కరెంటు ఎప్పుడు పోయినా చెడిపోయేది ఏమీ లేదు.

చవకగా దొరికే ఎంసీపీ2515 క్యాన్ మాడ్యూళ్ల మీద 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. చాలా లైబ్రరీలు మాత్రం 16 అని అనుకుంటాయి. అది సరిచేయకపోతే క్యాన్ వేగం సగానికి పడిపోయి ఒక్క మెసేజీ కూడా రాదు, వైరింగ్ తప్పని వెతుక్కుంటూ రోజులు పోతాయి. క్రిస్టల్ డబ్బా మీద 8.000 అని చెక్కి ఉంటుంది, చదివి చూడండి. ఈఎస్‌పీ32 వాడితే ఈ గోల లేదు. క్యాన్ కంట్రోలర్ చిప్‌లోనే ఉంటుంది, 3.3 వోల్టుల ఎస్‌ఎన్65హెచ్‌వీడీ230 ట్రాన్సీవర్ ఒక్కటి చాలు. ఎంసీపీ2515 మాడ్యూల్ మీదుండే టీజేఏ1050 మాత్రం 5 వోల్టులది, దాన్ని నేరుగా ఈఎస్‌పీ32కు కలపకూడదు.

క్యాన్ లైనుకు రెండు చివరలా 120 ఓమ్‌లు ఉండాలి. కరెంటు తీసేసి క్యాన్-హై, క్యాన్-లో మధ్య మల్టీమీటరు పెడితే 60 ఓమ్‌లు చూపించాలి. 120 చూపిస్తే ఒక చివర రెసిస్టర్ లేదు. 40 చూపిస్తే మూడోది ఎక్కడో ఉంది, మాడ్యూల్ మీది జంపర్ తీసేయండి. రెండు వైర్లనూ మెలిపెట్టి, ప్లగ్గు వైర్లకు దూరంగా తీసుకెళ్లండి.

మెగాస్క్విర్ట్ ‘సింప్లిఫైడ్ డాష్ బ్రాడ్‌కాస్ట్’ ఆన్ చేస్తే 500 కిలోబిట్ల వేగంతో 1512 నుంచి 1516 వరకు ఐడీల మీద మెసేజీలు వస్తాయి. 1512లో మ్యాప్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెషర్), ఆర్‌పీఎం, కూలెంట్, థ్రాటిల్, ఒక్కోటి రెండు బైట్లు, పెద్ద బైటు ముందు. కూలెంట్ విలువ ఫారన్‌హీట్‌లో, పదింతలు చేసి ఉంటుంది: 1950 వస్తే 195 ఫారన్‌హీట్, అంటే దాదాపు 90.6 సెల్సియస్. బైట్ల వరుస తిరగేసి చదివితే ఆర్‌పీఎం వేలల్లో ఎగిరెగిరి పడుతుంది.

నెక్స్‌టియన్‌కు పంపే ప్రతి కమాండు చివరా 255 విలువ గల బైట్లు మూడు ఉండాలి, లేకపోతే స్క్రీన్ ఉలకదు పలకదు. మొదట్లో దాని సీరియల్ వేగం 9600, దాన్ని 115200కు పెంచుకోండి. అంకెలను సెకనుకు 4 లేదా 5 సార్లకు మించి మార్చకండి, కంటికి ఆనవు. ఆర్‌పీఎం బార్‌ను మాత్రం 20 సార్లు మార్చినా బాగుంటుంది.

ప్రోగ్రాములో తప్పకుండా ఉండాల్సిన నియమం ఒకటి: క్యాన్ మెసేజీ వచ్చి ఒక సెకను దాటితే అంకె స్థానంలో గీతలు చూపించాలి. ఈసీయూ వైరు ఊడినా స్క్రీన్ మీద 88 డిగ్రీలు నిలిచిపోయి ఉంటే ఇంజిన్ ఉడికిపోతుంది. ఓడోమీటరును ఆర్డ్యునో ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) రాస్తుంటే, ఒక్కో గడికి లక్ష రాతలే హామీ అని గుర్తుంచుకోండి. ఒకే గడిలో ప్రతి 100 మీటర్లకు రాస్తే 10,000 కి.మీ.కే ఆ హామీ అయిపోతుంది. గడులు మారుస్తూ రాయాలి.

ఆయిల్ ప్రెషర్‌కు మూడు వైర్ల 5 వోల్టుల సెన్సర్ తీసుకోండి. 10 బార్ రకం 0 దగ్గర 0.5 వోల్టులు, 10 దగ్గర 4.5 వోల్టులు ఇస్తుంది, 1 బార్ ఉంటే 0.9. ఈఎస్‌పీ32 సొంత ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) 3.3 వోల్టులు దాటితే తట్టుకోదు, పైగా రీడింగ్ రెండు అంచుల్లో వంకరపోతుంది. ఏడీఎస్1115 మాడ్యూల్‌ను 5 వోల్టుల మీద నడిపి దాని ద్వారా చదవడం మేలు. అలా నడిపితే మాడ్యూల్ మీది ఐ2సీ (ఈఎస్‌పీ32తో మాట్లాడే వైర్లు) పుల్-అప్‌లు కూడా 5 వోల్టులకు లాగుతాయి, మధ్యలో లెవల్ షిఫ్టర్ పెట్టాలి.

ఏ డాష్ కొన్నా తప్పనివి

ఈసీయూ వాడుకుంటున్న టెంపరేచర్ సెన్సర్‌కే డాష్ వైరు కూడా తగిలించడం అందరికీ వచ్చే ఆలోచన. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. డాష్‌లోని పుల్-అప్ కలవగానే ఆ వైరులో వోల్టేజీ పెరుగుతుంది, ఇంజిన్ చల్లగా ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. విడి సెన్సర్ వేయండి, లేదా క్యాన్ మీద చదవండి. కొత్త సెన్సర్ మర చూసి కొనండి: 1/8 ఎన్‌పీటీ అంగుళానికి 27 మరలు, 1/8 బీఎస్‌పీ 28, ఎం10×1 కూడా చూపుకు అలాగే ఉంటుంది. మూడూ రెండు చుట్ల వరకు ఒకదానిలో ఒకటి ఎక్కుతాయి, ఆ తర్వాత అల్యూమినియం మరను తినేస్తాయి. ఒకే వైరు ఉన్న సెన్సర్ బ్లాకు ద్వారానే ఎర్త్ అవుతుంది. దానికి టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే రీడింగ్ తప్పుతుంది. బరువైన ఇత్తడి ప్రెషర్ సెండర్‌ను నేరుగా బ్లాకుకు బిగించకుండా చిన్న హోస్‌తో బాడీకి తగిలించండి, వైబ్రేషన్‌కు మెడ దగ్గర విరుగుతుంది.

ఛార్జింగ్ దీపం దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. ఆల్టర్నేటర్‌ను మేల్కొలిపేది ఆ బల్బు గుండా వెళ్లే కరెంటే. 2.2 వాట్ల బల్బు అయితే అది సుమారు 180 మిల్లీయాంపులు. డాష్‌లోని ఎల్‌ఈడీ అంత కరెంటు పోనివ్వదు, ఇంజిన్‌ను బాగా రేజ్ చేస్తే తప్ప ఛార్జింగ్ మొదలవ్వదు. ఎల్‌ఈడీకి సమాంతరంగా 68 ఓమ్, 5 వాట్ రెసిస్టర్ కట్టండి. అది వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కు ఆనించకండి.

ఇండికేటర్‌కు డాష్‌లో ఒకే దీపం ఉంటే కుడి, ఎడమ వైర్లు రెండింటినీ నేరుగా దానికి కలపకూడదు, ఏది వేసినా నాలుగు లైట్లూ మెరుస్తాయి. ఒక్కో వైరులో ఒక 1ఎన్4007 డయోడు, గీత ఉన్న వైపు డాష్‌కు ఉండేలా పెట్టండి. ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, ఛార్జింగ్ దీపాలు మాత్రం స్క్రీన్ మీద కాక విడి బల్బులుగానే ఉండాలని మా గట్టి అభిప్రాయం. స్క్రీన్ చచ్చిపోయిన రోజే అవి కావాల్సి వస్తుంది.

కరెంటు విషయంలో, స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ 7, 8 వోల్టులకు పడిపోతుంది, సొంత డాష్‌లు అక్కడే రీసెట్ అవుతాయి. 6 వోల్టుల వరకు పనిచేసే కన్వర్టర్ తీసుకోండి. దాని ముందు 2 యాంపుల ఫ్యూజు, ఆ తర్వాత ఎస్‌ఎంబీజే24ఏ లాంటి టీవీఎస్ డయోడు (వోల్టేజీ దెబ్బలను మింగేది) ఉండాలి. డాష్ ఎర్త్ వైరు బాడీ ప్యానెల్‌కు కాదు, ఇంజిన్ బ్లాకు ఎర్త్ పాయింటుకు వెళ్లాలి. ఫైబర్‌గ్లాస్ బాడీలో అయితే వేరే దారే లేదు.

ఇక ఎండ. మామూలు టీఎఫ్‌టీ వెలుతురు 250 నుంచి 300 నిట్లు, పైకప్పు లేని కారులో మధ్యాహ్నం అది నల్ల పలకే. 800 నిట్లకు పైబడినది వెతకండి, లేదా లోతైన గొడుగు కట్టండి. నలుపు అంకెలు, లేత నేపథ్యం ఉన్న ఎల్‌సీడీ ఎండలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు వాడేవాళ్లు కొనే ముందు వాటితోనే స్క్రీన్ చూడాలి, కొన్ని ఒక కోణంలో పూర్తిగా మాయమవుతాయి.

స్పీడోమీటరు లెక్క

185/60 ఆర్14 టైరు తీసుకుందాం. పక్క గోడ 111 మి.మీ., రిమ్ము 355.6, మొత్తం వ్యాసం 577.6, చుట్టుకొలత సుమారు 1815. బరువు మీద టైరు నొక్కుకుంటుంది కాబట్టి 3 శాతం తగ్గించి 1760 అనుకోండి. అంటే కిలోమీటరుకు 568 చుట్లు. చక్రానికి ఒకే అయస్కాంతం ఉంటే గంటకు 10 కి.మీ. దగ్గర సెకనుకు ఒకటిన్నర పల్సులే, అంకె ఆగి ఆగి గెంతుతుంది. హబ్బు మీది నాలుగు బోల్టు తలలను ప్రాక్సిమిటీ సెన్సర్‌తో చదివితే 6 అవుతాయి, చూడటానికి హాయిగా ఉంటుంది. 3.92 డిఫ్ ఉన్న కారులో ప్రాప్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి డిఫ్‌కు వెళ్లే కడ్డీ) ఫ్లాంజ్ బోల్టులు నాలుగింటిని చదివితే కిలోమీటరుకు 8,900 పల్సులు, 100 కి.మీ. వేగంలో దాదాపు 247 హెర్ట్జ్. కొన్ని మోటార్‌సైకిల్ మీటర్లు ఇన్ని పల్సుల సెట్టింగ్ ఒప్పుకోవు, ముందే చూసుకోండి. సెన్సర్‌కు, బోల్టు తలకు మధ్య సందు 1 నుంచి 2 మి.మీ. చాలు.

యూఎన్ రెగ్యులేషన్ 39 ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు గానీ, అసలు వేగంలో పదో వంతుకు 4 కి.మీ. కలిపినంత వరకే. అసలు వేగం 80 అయితే మీటరు 80 నుంచి 92 మధ్య ఉండాలి. తిన్నని రోడ్డు మీద జీపీఎస్‌లో 80 నిలకడగా పట్టి మీటరు చూడండి. అది 84 చూపిస్తే, పల్సుల సెట్టింగ్ ఉన్న మీటరులో పాత సంఖ్యను 84తో గుణించి 80తో భాగించండి. చుట్టుకొలత సెట్టింగ్ ఉంటే 80తో గుణించి 84తో భాగించండి. వచ్చినదాన్ని అలాగే వదలకుండా మీటరు 2 శాతం ఎక్కువ చూపేలా జరపండి, టైరు కొత్తదైనా అరిగినా తక్కువ వైపు పోకుండా ఉంటుంది. టైరు సైజు మార్చినప్పుడల్లా ఈ పని మళ్లీ చేయాలి. డిఫ్ నిష్పత్తి మారిస్తే మాత్రం ప్రాప్‌షాఫ్ట్ దగ్గర సెన్సర్ పెట్టినవాళ్లకే ఈ శ్రమ, హబ్బు దగ్గర పెట్టినవాళ్లకు అక్కర్లేదు.